ముక్కు మేస్త్రీ పుట్టగొడుగుల కాఫీ

కాఫీ గింజలు వేయించి అమ్మే ఆ కొట్లో అతన్ని అందరూ ముక్కు మేస్త్రీ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంకేదో ఉండేది గానీ, పిలిచేవాళ్లు లేక అది ఎప్పుడో మూలపడింది. గోనెసంచి మూతి విప్పీ విప్పకముందే గింజ దారిలో తడిసిందా, పాతబడిందా, పక్కన సబ్బుల పెట్టె పెట్టి తెచ్చారా అన్నది చెప్పేసేవాడు. సరుకు కొనాలో వద్దో ఓనరు అతని ముక్కుపుటాలు చూసి తేల్చుకునేవాడు. అంతటి ముక్కు ఉన్న మనిషికి గర్వం ఉండదా అంటే, ఎందుకుండదు, బోలెడంత ఉంది. ఎదుటివాళ్లు కాఫీ బాగుందంటే చాలు, పెదవి విరిచి అందులో నాలుగు వంకలు చెప్పేదాకా అతనికి నిద్ర పట్టేది కాదు.

అలాంటి ముక్కు చలికాలంలో వచ్చిన ఒక పాడు జ్వరంతో పోయింది. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ముక్కుతో పాటు నాలుకా మొద్దుబారింది. చేదు చేదుగా ఎక్కడో దూరంగా తెలిసేది గానీ, అది కాఫీ చేదో మందుబిళ్ల చేదో పోల్చుకోవడం అతని తరం కాలేదు. చాటుగా వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన చిన్న లైటు వేసి లోపలికి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు. చూద్దాం" అన్నాడు. ఈ మాట చెప్పడానికి డాక్టరెందుకు, దారిన పోయేవాడు కూడా చెప్తాడు.

మేస్త్రీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. గింజ చిటపటలాడే చప్పుడు విని, రంగు చూసి, పొగ వాలకం చూసి ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇన్నేళ్ల అలవాటు కాబట్టి చెయ్యి దానంతట అదే పనిచేసేది. సంచి విప్పినప్పుడు మాత్రం పాత పద్ధతిలోనే వంగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, తెలియని దాన్ని తెలిసినట్టు తల ఊపేవాడు. ఒకసారి ఇంట్లో పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు అడుగంటి మాడిపోయాయి. పక్క గదిలోంచి భార్య పరుగెత్తుకొచ్చి, "ఇల్లంతా మాడు కంపండీ, మీకు తెలియలేదా?" అంది. ఏదో ఆలోచనలో ఉన్నానని నీళ్లు నమిలాడు. ఆవిడ నమ్మింది. మొగుడి ముక్కును అనుమానించడం ఆ ఇంట్లో ఎరగని సంగతి.

ఇలా రోజులు దొర్లుతుండగా ఓనరు అల్లుడు ఒక కొత్త సరుకు మోసుకొచ్చాడు. ఎండబెట్టిన పుట్టగొడుగులు. వాటిని కాఫీలో కలిపి, ఐసు వేసి, సీసాల్లో పోసి అమ్మితే వేసవిలో జనం ఎగబడతారట. ఒంటికి మంచిదట, బుర్రకి మంచిదట.

"పాళ్లు మీరు ఇంట్లోనే కుదిర్చి తీసుకురండి మేస్త్రీ. ఇక్కడ చేస్తే పక్క కొట్టువాళ్లు పసిగడతారు" అన్నాడు ఓనరు.

"పుట్టగొడుగు ఉన్నట్టు తెలియాలి, కానీ మొహం మొత్తకూడదు" అన్నాడు అల్లుడు. "అయినా మామయ్యా, పాళ్లు చూడ్డానికీ, వేయించడానికీ కూడా ఇప్పుడు మిషన్లు వచ్చాయి. ఒకటి తెప్పించేస్తే పోలా?"

"మా మేస్త్రీ ముక్కుండగా మిషనెందుకయ్యా" అని ఓనరు నవ్వాడు.

మేస్త్రీ నవ్వలేక పొట్లం అందుకున్నాడు. ఈ పాళ్లు కుదరకపోతే గుట్టు బయటపడుతుంది, అతని బల్ల దగ్గరికి మిషను వస్తుంది. చెవితో, కంటితో గింజ వేయించవచ్చు గానీ, ఎన్నడూ ఎరగని కొత్త రుచిని ఏ చెవితో పట్టుకుంటాడు? పొట్లం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. పిల్లలు లేరు. భార్య పొట్లం విప్పి చూసి, "ఇవేంటండీ, ఎండిన చెవుల్లా ఉన్నాయి?" అంది.

"పుట్టగొడుగులు."

"కూర చెయ్యనా?"

"కాఫీ చెయ్యాలి."

ఆవిడ హాస్యమనుకుని నవ్వింది. మొగుడు నవ్వకపోయేసరికి నవ్వు దిగమింగి, గిన్నె కడిగిచ్చింది.

ఆవిడ సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు మొగుడు కలిపిన కాఫీ తాగి, "కొంచెం ఘాటెక్కువైందేమో" అంది. ఆ రోజు అత్తగారు, మరుదులు, తోడికోడళ్లు అందరూ ఉన్నారు. "నీ నాలుకకి కాఫీకీ కుడితికీ తేడా తెలిసి చచ్చిందా?" అన్నాడు మేస్త్రీ. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వింది. పాపం, నవ్వక ఏం చేస్తుంది? ఆ తర్వాత ఆ ఇంట్లో కాఫీ గురించి ఆవిడ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఇప్పుడు ఆ నాలుకే మేస్త్రీకి దిక్కయింది. దారిలోనే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. రోజుకింత పుట్టగొడుగు పెంచుకుంటూ పోవాలి. భార్య చేత తాగించాలి. ఆవిడ మొహం ఎప్పుడు చిట్లిస్తే అప్పుడు ఆగి, ఒక చెంచా వెనక్కి రావాలి. అక్కడే పాళ్లు కుదిరినట్టు. అసలు కారణం ఆవిడకి తెలియనక్కర్లేదు.

పుట్టగొడుగుల్ని పొడి కొట్టి, సన్నని సెగ మీద చాలాసేపు మరిగించాడు. చన్నీళ్లలో నానబెడితే వాటి సారం దిగదు. పొయ్యి కట్టేశాక కాఫీ పొడి వేసి మూత పెట్టాడు. పొడి అడుక్కి దిగాక గుడ్డలో వడగట్టాడు. మామూలు ఐసు వేస్తే కరిగి నీళ్లనీళ్లవుతుందని, ఉత్త కాఫీనే ట్రేలో పోసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాడు. ఆ నల్లటి గడ్డల్ని రెండు గ్లాసుల్లో వేసి పైనుంచి చల్లారిన కాఫీ పోశాడు. పని చేసినంతసేపూ అతని చేతులు ఎక్కడా తడబడలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు మాత్రం లోపల ఏమీ లేదు. ఒక గుక్క తాగాడు. చల్లగా ఉందని తెలిసింది, అంతే.

భార్య తనవైపే చూస్తోంది. గుట్టు తెలియకూడదని కళ్లు సగం మూసి, పాతరోజుల్లోలాగా తృప్తిగా తల పంకించాడు.

"ఎలా ఉందో చూసి చెప్పు" అన్నాడు.

"నన్నా?"

"నిన్నే. ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. తల ఎత్తి మొగుడి వంక చూసింది. "బాగుందండీ" అంది.

మర్నాడు పుట్టగొడుగు పొడి పెంచాడు. తాగి, ఇంకాస్త తృప్తిగా మొహం పెట్టాడు. ఆవిడ తాగి, చూసి, "నిన్నటికంటే బాగుంది" అంది. ఆ మర్నాడు ఇంకా పెంచాడు. ఆవిడ మొహం చిట్లించలేదు సరికదా, "దీనికేదో నిండుదనం వచ్చిందండీ" అంది. ఈవిడ నాలుక ఇంత గట్టిదా అని మేస్త్రీ లోలోపల ముక్కున వేలేసుకున్నాడు. పెంచుతూ పోయాడు. గిన్నెలో కాఫీ పొడి ఎంతో పుట్టగొడుగు పొడీ అంతే అయ్యింది. అయినా బాగానే ఉందట.

ఒక సంగతి మాత్రం అతన్ని లోపల తొలిచేస్తోంది. ఆవిడ సంబరం. అతను కొట్టు నుంచి వచ్చేసరికి గ్లాసులు తోమి తుడిచి బల్ల మీద పెట్టి, తల దువ్వుకుని, చుట్టమింటికి వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుని ఉండేది. ఓ సాయంత్రం చెల్లెలితో ఫోనులో అంటుంటే విన్నాడు. "మీ బావగారు నన్నడక్కుండా పాళ్లు ఖాయం చెయ్యట్లేదే. ఈ వయసులో నాకూ ఓ నాలుకుందని గుర్తొచ్చినట్టుంది." ఆ గొంతులో అంత సంతోషం అతనెప్పుడూ వినలేదు. తలుపు వెనక నిలబడిపోయాడు. సిగ్గేసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ, నలుగురిలో నవ్వుల పాలు చేసిన ఆ నాలుకనే ఇప్పుడు అడుక్కుంటున్నానని ఎలా ఒప్పుకోవడం? ఒప్పుకోలేక, లోపలికొచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టాడు.

ఓనరు చెప్పిన రోజుకి ఫ్లాస్కు నిండా కాఫీ, డబ్బాలో నల్లటి ఐసు ముక్కలు పట్టుకుని వెళ్లాడు. ఓనరు గదిలో మూడు గ్లాసులు పెట్టారు. ఓనరు మొదటి గుక్క తాగి, "చల్లగా బాగుందే" అన్నాడు. అంతలో ఫోనొచ్చింది. మాట్లాడుతూ కూర్చున్నాడు. చల్లదనం నాలుకని కాసేపే మోసం చేస్తుంది. గ్లాసులో ఐసు కరిగి, కాఫీ వేడెక్కే కొద్దీ దాని అసలు రంగు బయటపడుతుంది. ఫోను పెట్టేసి ఆయన రెండో గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. గబగబా లేచి, మూలనున్న సింకులో ఊసి, నోరు పుక్కిలించి వచ్చాడు. అల్లుడు తన గ్లాసు వాసన చూసి, ముట్టుకోకుండానే పక్కకి జరిపేశాడు.

"మీరు తాగారా మేస్త్రీ ఇది?" అన్నాడు ఓనరు.

"తాగానండీ."

"తాగే తెచ్చారా?"

ఓనరు చాలాసేపు మేస్త్రీ మొహంలోకి చూశాడు. తర్వాత అల్లుణ్ని బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, "కళ్లు మూసుకోండి" అన్నాడు. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ముక్కు కింద ఏదో పెట్టిన అలికిడైంది. అది కాఫీ పొడి కావచ్చు, సబ్బు పొడి కావచ్చు, అసలేమీ లేని ఉత్త చెయ్యి కావచ్చు. అలాగే నిలబడ్డాడు. మూసిన కళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"ఎప్పట్నుంచి?"

"చలికాలంలో జ్వరమొచ్చినప్పట్నుంచి."

"నాతో చెప్తే ఏం పోయేది?" అన్నాడు ఓనరు. కేకలేసినా బాగుండేది. ఆయన మేస్త్రీ భుజం మీద చెయ్యేసి మెత్తగా అన్నాడు. "పని మానమని అనను. రేపట్నుంచి ప్యాకింగు దగ్గర కూర్చోండి. కవర్లు అతికించాలి, అంతే."

ఇంటికెళ్లేసరికి తలుపు తీసే ఉంది. భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నారండీ?"

మేస్త్రీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. "నోట్లో పోసుకుని ఊసేశారు."

ఆవిడ మొహం పాలిపోయింది. అతనికి పొద్దుటి నుంచీ అణచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "ప్రతిసారీ బాగుందన్నావు కదే. రోజురోజుకీ ఇంకా బాగుందన్నావు. నోరుందా నీకు, లేదా? ఒక్కసారి బాగోలేదంటే నీ సొమ్మేం పోయింది?"

"మీరు బాగుందన్నట్టు మొహం పెట్టారు కదండీ" అంది ఆవిడ, ఏమీ అర్థంకానట్టు.

"నా మొహం చూసి చెప్పావా?"

"ఎప్పుడూ అంతే కదండీ. రుచి మీకు తెలుస్తుంది. మీ మొహం నాకు తెలుస్తుంది."

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. ఇన్ని రోజులూ ఆవిడ మొహం కోసం అతను కాచుకున్నాడు, అతని మొహం కోసం ఆవిడ కాచుకుంది. ఎంత బాగా నటిస్తే అంత బాగుందంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నాకు వాసన తెలియట్లేదు. ఆ జ్వరం తర్వాత పోయింది. అందుకే నిన్నడిగాను" అన్నాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది. "అయితే నన్ను నిజంగానే అడిగారా?" అంది.

"నిజంగానే అడిగాను."

"ఒక్క మాట చెప్పుంటే..." అని ఆగిపోయి, కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లకి అడిగారు, నేను అబద్ధం చెప్పాను."

ఆ ఏడుపు చూడలేక మేస్త్రీ లేచాడు. ఫ్లాస్కులో అడుగున మిగిలిన కాఫీని గ్లాసులో వంచి ఆవిడ ముందు పెట్టాడు. తన కుర్చీని తిప్పి, గోడకేసి కూర్చున్నాడు. "ఇప్పుడు నా మొహం కనపడదు. తాగి చెప్పు."

వెనక గ్లాసు ఎత్తిన చప్పుడైంది. గుటక పడిన చప్పుడైంది.

"తడి గోనెపట్టా నమిలినట్టుంది" అంది ఆవిడ.

"మొదటి రోజుది?"

"అదీ అంతే. కొంచెం తక్కువ."

మేస్త్రీ గోడకి సున్నం పెచ్చులూడిన చోటుకేసి చూశాడు. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడు. "మరి మామూలు కాఫీ? నేను రోజూ వేయించి తెచ్చేది?"

వెనక కుర్చీ కిర్రుమంది.

"నాకు కాఫీయే పడదండీ. మొదట్నుంచీ అంతే. మీరు ఇష్టంగా కలిపిస్తారని తాగేదాన్ని."

అతని భుజాలు కిందికి జారాయి. పొద్దున్నే ఆవిడ గ్లాసు ఖాళీ చేసి పెట్టడం చూసి మురిసిపోయిన రోజులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కొట్లో పోయిన దానికంటే ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది. గోడ వైపు నుంచి తిరగకుండానే అడిగాడు.

"మరి నీకేది ఇష్టం?"

అతను ఎదురుచూశాడు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. లేవబోయి మళ్లీ కూర్చుంది.

"గుర్తు రావట్లేదండీ" అంది.