టెస్మర్ సమాధి మీది చెత్త

మా నాన్న సమాధి మీద నేను పెట్టిన పూలు మళ్లీ మాయమయ్యాయి. ఇక దొంగ ఎవరో నాకు ఖాయమైపోయింది. ఫ్రౌ క్లూట్. పక్క సమాధి ఆవిడ భర్తది. శ్మశానంలో ఆ మూలకు రోజూ వచ్చే మనిషి ఇంకెవరూ లేరు. ఎప్పుడు చూసినా చేతిలో ఒక గుడ్డ సంచీ, పెదాల మీద ఒక నవ్వు. పక్కింటివాళ్లు నవ్వితే ఒకటికి రెండుసార్లు చూడమని మా అమ్మ చెప్పేది. నాన్న గురించి పోలీసులకు ఉప్పందించింది అలా నవ్వే మనిషేనట.

నాన్న పేరు ఆల్బ్రెఖ్ట్ టెస్మర్. బెర్లిన్‌లో ఒక ట్రాము మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా చేసే ఒక్క ప్రయాణాన్ని లావుపాటి నవలగా రాశాడు. ఎక్కేవాళ్ల మాటలు, దిగేవాళ్ల ఆలోచనలు, గోడల మీది ప్రకటనలు, అంతా కలగాపులగం. కొందరు నెత్తిన పెట్టుకున్నారు, కొందరికి తలనొప్పి వచ్చింది. తర్వాత నాజీలు వచ్చి పుస్తకాన్ని మంటల్లో వేశారు, ఆయన్ని దేశంలోంచి తరిమారు. యుద్ధం అయ్యాక తిరిగొస్తే పలకరించిన దిక్కు లేదు. పోయాక మాత్రం నగరం గౌరవ సమాధి ఇచ్చింది.

ఆ గౌరవం శాశ్వతం కాదు. గడువు తీరినప్పుడల్లా నగరం తరఫున ఒకరొచ్చి, ఈ మనిషి జనానికి ఇంకా గుర్తున్నాడా అని చూస్తారు. లేడని తేలితే గౌరవం తీసేస్తారు. సొంత డబ్బు కట్టి ఆ చోటు నేను నిలుపుకోగలను, నా బాధ అది కాదు. ఒకసారి తరిమేసిన ఊరు ఇప్పుడు నువ్వెవరో తెలియదు పొమ్మంటే నేను తట్టుకోలేను. ఆ శరదృతువులో గడువు తీరుతోంది. నేను వెళ్లినప్పుడల్లా రాయి బోసిగానే కనిపించేది. ఒక్క పాఠకుడు వచ్చిన జాడ కూడా లేదు. అందుకే ఎవరో అభిమానులు పెట్టినట్టు నేనే పూలు పెట్టడం మొదలుపెట్టాను. సిగ్గుగానే ఉండేది, అయినా పెట్టాను.

ఒక ఉదయం కుళాయి దగ్గర, ఎవరి నీళ్ల డబ్బాకు వాళ్లు తాళం వేసుకుని వేలాడదీసే చోట, నక్కి కూర్చున్నాను. ఫ్రౌ క్లూట్ వచ్చింది. భర్త సమాధి మీది ఎండుటాకులు ఏరింది. తర్వాత తిన్నగా నాన్న దగ్గరికి వచ్చి, వంగి, ఏదో తీసి సంచీలో వేసుకుంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఏం దొరికాయండీ, ఫ్రౌ క్లూట్?"

ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "మంచి సమయానికొచ్చారు ఫ్రౌ టెస్మర్. ఎవరో పనీపాటా లేనివాళ్లు మీ నాన్నగారి మీద చెత్త పడేసి పోతున్నారు. మీరేమో ఎప్పుడో గానీ రారు. ఎవరో ఒకరు తియ్యాలి కదా."

ఆ 'ఎప్పుడో గానీ' నాకు చురుక్కుమంది. సంచీ చూపించమన్నాను. దాచేదేముందని చేతికిచ్చేసింది. అడుగున వాడిపోయిన నా పూలున్నాయి. వాటి పైన ట్రాము టికెట్లు. మా ఊరివే కాదు, ప్రాగ్‌వి, లిస్బన్‌వి, నేను అక్షరాలు కూడా పోల్చుకోలేని ఊళ్లవి. ట్రాము నవల రాసినాయనకు ట్రాము టికెట్లు. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

ఎప్పట్నుంచి తీస్తున్నారని అడిగాను. భర్త పోయినప్పట్నుంచీ, ఏళ్ల తరబడి తీస్తూనే ఉందట. కాగితాలు కాగితాల డబ్బాలో, పూలు ఆకుల గుంటలో, వేరుచేసి మరీ పారేసిందట. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. అవి చెత్త కాదని, నాన్న పాఠకులు వదిలి వెళ్తున్న గుర్తులని, నగరం మనిషి వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పాను. సమాధి మీద టికెట్లేమిటి, ఒక పద్ధతీ పాడూ లేదా అని విసుక్కుంది. చివరికి సరేనంది. నేను నమ్మలేదు, రోజూ వచ్చి కాపలా కాశాను. ఆవిడా రోజూ వచ్చేది. చేతులు ఒళ్లో పెట్టుకుని, పేరుకుపోతున్న ఆ టికెట్లను పళ్లు నూరుతూ చూసేది.

నగరం తరఫున హెర్ లోడెమాన్ అనే ఆయన వచ్చేసరికి, అంతకుముందు పడ్డ వానకు టికెట్లన్నీ నాని రాతికి అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన ముఖం చిట్లించుకుని సమాధి చుట్టూ తిరిగాడు.

"పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరన్నమాట," అన్నాడు.

నేను నోరు తెరిచాను. కూతురి మాట సాక్ష్యం కాదని ఆపేశాడు. కూతుళ్లే పూలు తెచ్చిపెట్టి అభిమానులంటారని, అలాంటివి చాలా చూశానని అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఫ్రౌ క్లూట్ నా వైపు చూసింది. ఆ పూలు నావని ఆవిడకు తెలుసు, చూపులోనే తెలిసిపోయింది. ఇంకేముంది, చెప్పేస్తుంది అనుకున్నాను.

"చెత్త తీసేది నేను," అంది ఆవిడ. "ఈవిడ వద్దంటే ఆపాను. ఇదంతా ఈ నాలుగు రోజుల్లో పడ్డది."

"మీరు ఆయన నవల చదివారా?"

"మొదటి పేజీకే నిద్రొచ్చింది. కానీ ఒకటి చెప్తా వినండి. మా ఆయన్ని అందరూ మర్చిపోయారు. అక్కడ ఆకులు తప్ప నాకు ఏరడానికి ఏమీ ఉండదు. ఈయన్ని కూడా మర్చిపోయుంటే నా నడుం ఇట్లా అయ్యేది కాదు."

హెర్ లోడెమాన్ వంగి, రాతికి అతుక్కున్న టికెట్లను ఒక్కొక్కటే చూశాడు. తర్వాత టోపీ తీసి, గౌరవం కొనసాగించమని రాస్తానన్నాడు. ఎంతగానో ఎదురుచూసిన మాట, నేను సరిగ్గా విననేలేదు. పక్క రాయి మీది పేరు చదువుతున్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి. ఎగాన్ క్లూట్.