సవతికి అప్పడం

గోనెగుడ్డతో వీపంతా రుద్ది, నాలుగు గిట్టలూ ఎత్తి చూసుకుని, మీరా సాహెబ్ ఉలవల సంచి తెచ్చి సుల్తానా మెడకు తగిలించాడు. మాఘమాసపు చలికి గుర్రం ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది. రోజూ అయితే సంచి సరిగ్గా తగిలించకముందే మూతి దూర్చేసేది. ఆవేళ రెండుసార్లు నమిలి ఊరుకుంది. అతను దాని మెడకింద చెయ్యి పెట్టి చూశాడు, కడుపు నిమిరాడు.

"ఏందమ్మా, సయించట్లేదా?" అన్నాడు.

అని, లోపల భార్య చాంద్ బీ వినలేదు కదా అని గుమ్మం వైపు చూశాడు. ఆమె వింటే ఈ ఏడు కొంప మునిగేదే.

నరసరావుపేటలో అప్పట్లో ఏటా ఆ రోజుల్లో ఎగ్జిబిషన్ పెట్టేవారు. జెయింట్ వీలూ, మోటారు సైకిలు గోడలమీద తిరిగే మరణబావీ, మనిషిని పొట్టిగానూ పొడుగ్గానూ చూపించే అద్దాలూ, విస్తరాకంతేసి ఢిల్లీ అప్పడాలూ అన్నీ మీరా సాహెబ్‌కు కంఠతా వచ్చు. చూసింది మాత్రం ఒక్కటీ లేదు. ఊళ్ళో సగంమందిని ఆ గేటు దాకా చేర్చింది అతని జట్కాయే. వెళ్ళేటప్పుడు ఎవరికేం కావాలో వాళ్ళు కొట్లాడుకుంటుంటే వినేవాడు, వచ్చేటప్పుడు చూసినవి చెప్పుకుంటుంటే వినేవాడు. మధ్యలో గేటు బయట గుర్రం పక్కన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. అతనికి అంతకుమించి అక్కర్లేదు.

చాంద్ బీకి కావలసింది వేరు. జెయింట్ వీలు ఎక్కాలి, పక్కన మొగుడు కూర్చోవాలి. కూతురు అమీనా చంకలో ఉన్నప్పుడు పుట్టిన కోరిక, అమీనాను సత్తెనపల్లి అత్తారింటికి పంపినా తీరలేదు. ఏటా ఎగ్జిబిషన్ ఆఖరిరోజున మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఏటా మీరా సాహెబ్ అదేమాట అనేవాడు.

"సుల్తానాకి ఒంట్లో బాగాలేదే. దాన్నొదిలి ఎట్టా వస్తా?"

సుల్తానాకేం, గుండ్రాయిలా ఉండేది. అసలు సంగతేమిటంటే మీరా సాహెబ్‌కు ఎత్తంటే భయం. మేడ ఎక్కాల్సొస్తే గోడవారనే నడిచేవాడు. బెదిరిన గుర్రాన్ని నడిబజార్లో ఒంటిచేత్తో నిలేసిన మనిషి ఆ మాట పెళ్ళాంతో ఎలా చెప్పుకుంటాడు! నెపం గుర్రం మీద పెట్టేశాడు. దాంతో చాంద్ బీకి ఆ గుర్రం సవతైపోయింది. సవతి సవతి అని తిట్టిపోసేది, తిట్టిన నోటితోనే పొయ్యి ఊది దానికి ఉలవలు ఉడికించేది.

ఆ పొద్దున కూడా చాయ్ గ్లాసు చేతికిస్తూ ముందే చెప్పేసింది.

"ఇయ్యాల ఆఖరిరోజు. నా సవతికి జొరమొచ్చినా సరే, జలుబొచ్చినా సరే, నేను ఇనను. మళ్ళీ యేటికి నా కాళ్ళు లేస్తయ్యో లేదో."

మీరా సాహెబ్ నోరు తెరిచాడు. అది మేత ముట్టలేదని చెప్పబోయాడు. కానీ ఇన్నేళ్ళూ ఆ మాటను అబద్ధానికి వాడి వాడి అరగదీశాడు. ఇప్పుడు నిజం చెబుదామంటే అతనికి వేరే మాట లేదు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

మధ్యాహ్నం దాటాక బట్టల కొట్టు రామబ్రహ్మం కుటుంబాన్ని ఎగ్జిబిషన్‌కు ఎక్కించుకున్నాడు. అప్పటికి, ఎనభై అయిదు నాటికి, ఊళ్ళోకి ఆటోలు దిగిపోయాయి గానీ, రామబ్రహ్మం తల్లి కోటమ్మకు ఆటో మోత పడదు. బండి కదిలిందో లేదో రగడ మొదలైంది. పిల్లలు ముందు మరణబావి అంటారు, కోడలు ముందు గాజుల కొట్లు అంటుంది, రామబ్రహ్మం ఎవరికీ ఏదీ వద్దు, ఒక చుట్టు చుట్టి ఇంటికి పోదామంటాడు.

"మామ్మగారూ, తమరు కాస్త ముందుకి జరగండి, బండి ఎనక్కి వాల్తాంది," అన్నాడు మీరా సాహెబ్.

"జరుగుతాలే గాని, నన్ను ఆ అప్పడాలకాడ దించి పోరా సాయిబూ. తతిమ్మా ఈళ్ళ ఇష్టం," అంది కోటమ్మ.

అందరూ నవ్వారు. ఇలాంటి రగడ వింటూ బండి తోలడమంటే మీరా సాహెబ్‌కు ప్రాణం. ఆరోజు మాత్రం చెవులు సుల్తానా గిట్టల మీదే ఉన్నాయి. మల్లమ్మ సెంటర్ దాటాక అడుగు తడబడింది. అతను దిగి, కళ్ళెం పట్టుకుని పక్కన నడిచాడు.

వాళ్ళను దించి ఇంటికి వచ్చేసరికి చాంద్ బీ ఆకుపచ్చ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఆ మొహం చూశాక ఇక ఏం చెబుతాడు! బండిని నెమ్మదిగా నడిపించుకుంటూ గేటు దగ్గరకు చేరాడు. గుర్రాన్ని విప్పి, వీపుమీద దుప్పటి కప్పి, తోటి జట్కావాడు ఏసయ్యకు అప్పజెప్పాడు.

"కాస్త కనిపెట్టుకో అబ్బాయ్."

"నేనుండానుగా బాబాయ్. పిన్నిని తిప్పకరా ఫో."

లోపల చాంద్ బీ మొదట కొనిపించింది అప్పడం. సగం ఇద్దరూ తిన్నారు. మిగతా సగం విరగకుండా పేపర్లో చుట్టింది.

"ఎవరికే?"

"నా సవతికి. దానికి ఉప్పంటే చానా ఇష్టం," అంది.

జెయింట్ వీలు కదలగానే మీరా సాహెబ్ కళ్ళు గట్టిగా మూసుకుని కమ్మీ పట్టుకున్నాడు. తొట్టె పైకి, ఇంకా పైకి పోయి నిలిచింది. కమ్మీ మీద అతని చేతిపై చాంద్ బీ చెయ్యి వేసింది.

"నీకు బయమని నాకెప్పుడో తెల్సయ్యా. కళ్ళు తెరువు, నేనుండాగా."

"తెలిసి అనలేదేందే?"

"నువ్వే చెప్తావని చూశా. ఎన్నేళ్ళు చూశానో."

అతనికి సిగ్గేసింది, ఆ వెనకే గుండె తేలికపడింది. కళ్ళు తెరిచాడు. దీపాలన్నీ వెలిగి ఊరంతా కాళ్ళకింద ఉంది. ఆ దీపాల్లో అతను వెతుక్కున్నది గేటు బయటి జట్కాల వరుసను. సుల్తానా తల వంచుకుని నిలబడి ఉంది.

"పొద్దుననంగా మేత ముట్టలేదే అది," అన్నాడు. "ఈసారి నిజం."

చాంద్ బీ అతని మొహంలోకి చూసింది. "చెప్పకపోయావా!"

"నమ్మవని."

చక్రం తిరగడం మొదలెట్టింది. పక్క తొట్టెల్లో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. కిందకు దిగి మళ్ళీ పైకి లేచినప్పుడు ఇద్దరూ ఒకేచోటికి చూశారు. దుప్పటి కనిపించింది. మూడోసారి లేచినప్పుడు, గుర్రం నిలబడినచోట ఏసయ్య నేలమీద వంగి ఉన్నాడు.

"ఆపండయ్యా! దించండి మమ్మల్ని!" అని అరిచింది చాంద్ బీ.

ఆ కేకల్లో ఈ కేక ఎవరికి వినబడుతుంది? చక్రం తన చుట్లు తను తిరిగే దింపింది.

పరుగున వెళ్ళేసరికి సుల్తానా తల ఏసయ్య ఒళ్ళో ఉంది. "కూర్చుంటున్నట్టే కూర్చుంది బాబాయ్. అంతే," అన్నాడతను. మీరా సాహెబ్ దాని కళ్ళగంతలు విప్పి, కనురెప్పలు మూశాడు. చివరిదాకా గేటు వైపే చూసిందో ఏమో అనుకున్నాడు. చాంద్ బీ చేతిలోని పొట్లం బండిలో పెట్టి, దుమ్ములోనే చతికిలబడి, దాని మెడ కావలించుకుంది.

"ఓసి నా సవతీ, నన్నొక్క సాయంత్రం తిరిగిరమ్మని పంపి నువ్వు పోయావటే!" అని ఏడ్చింది.

మీరా సాహెబ్ ఆ తర్వాత మరో గుర్రాన్ని కొనలేదు. ఆ రాత్రి బండిని అతనూ ఏసయ్యా చేతులతో లాగి ఇంటి ముందు పెట్టారు. తెల్లారాక చూస్తే బండిలో గడ్డిమీద, పేపరు చుట్టలో, సగం అప్పడం మంచుకు మెత్తబడి ఉంది.