మఫ్టీలో ఎస్సై మహిపాల్

దొంగ వీసాలు అమ్మే వసంతను పట్టుకోవడానికి ఎస్సై మహిపాల్ గొప్ప వలే పన్నాడు. మఫ్టీలో జగిత్యాల వెళ్లి, దుబాయి పోవాలనుకునే మనిషిలా ఆమె ముందు కూర్చున్నాడు. నమ్మకం కుదరాలని తన అసలు పాస్‌పోర్టే ఆమె చేతిలో పెట్టాడు. పాస్‌పోర్టు లేని మగాడు ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఉన్నాడు గనక?

వసంత అతన్ని ఎగాదిగా చూసింది.

"అన్నా, గీ పర్సనాలిటీకి కూలి పనేంది? ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ ఆఫీసర్ పోస్టున్నది. ఏసీ రూము. శుక్రారం పక్కా ఛుట్టీ."

పన్నెండేళ్ల పోలీసు నౌకరీలో వారానికో సెలవు అన్న మాట అతనితో ఎవరూ అనలేదు.

మర్నాడు వీసా ఇస్తానన్న వేళకు వెళ్తే ఆమె లాడ్జి గది ఖాళీ, పాస్‌పోర్టూ ఆమెతోనే పోయింది. అప్పటి నుంచి మహిపాల్ తిండీ నిద్రా మానేసి కోరుట్ల లాడ్జీలన్నీ జల్లెడ పట్టాడు. ఇంతటి కర్తవ్య దీక్ష ఎన్నడూ చూడలేదని పై అధికారులు తెగ మురిసిపోయారు.

చివరికి సిరిసిల్ల బస్టాండులో దొరికింది. మహిళా కానిస్టేబుల్ బేడీలు బయటికి తీస్తుంటే, వసంత విసుగ్గా చేతులు చాపింది. మహిపాల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అందరియి దొంగ వీసాలే గని చెల్లె, నాదైతే అసలుదే గదా?"