నూట డెబ్బై ఎనిమిది

నేను ఒక వేలిపట్టీని. రోగి వేలికి చుట్టుకొని, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తపోటు ఎంతుందో మంచం పక్కనున్న తెర మీద చూపిస్తాను. జబ్బకు కట్టే పెద్దపట్టీ పావుగంటకోసారి ఉబ్బి, ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. నాకు ఊరుకోవడం తెలియదు. నన్ను తయారుచేసిన చోట రబ్బరు వేళ్ల మీద పరీక్షించారు. వాటికి భయం ఉండదు కనుక సులువుగా నెగ్గాను.

కాకినాడలోని ఒక ఆసుపత్రికి వచ్చాక మనుషుల వేళ్లు చూశాను. నోరు ఒకటి చెబుతుంటే నా కింద రక్తం ఇంకొకటి చెప్పేది. వాళ్లు నోటినే నమ్మేవారు. నోరు పోయిన మనిషి వచ్చినప్పుడు మాత్రం నన్ను నమ్మారు. అదే జరగకూడనిది.

ఆమె పేరు కనకరత్నం. పక్షవాతంతో కుడి పక్కా, మాటా పోయాయి. ఔననడానికీ కాదనడానికీ తల ఒకేలా ఊపేది. నర్సు ఎస్తేరు నన్ను ఆమె ఎడమచేతి ఉంగరపువేలికి తొడగబోయింది. ఆ వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. తలుపు సందులో పడిందని భర్త సత్తిరాజు చెప్పాడు. ఆ మాటకు ఆమె చెయ్యి చల్లబడింది. నన్ను మధ్యవేలికి మార్చారు.

అతను వార్డులో మంచివాడు. బత్తాయిరసం స్వయంగా పట్టేవాడు. అతని చెప్పుల చప్పుడు గుమ్మం దాటగానే నా కింద రక్తనాళం బిగుసుకునేది. అంకె ఎగిరేది.

ఇంటికి పంపే రోజు దగ్గరపడింది. కనకరత్నం చెల్లెలు వీరవేణి తునిలోని తన ఇంటికి తీసుకెళతానంది. సత్తిరాజు తన ఇంటికే అన్నాడు. పేషెంటు ఇష్టం ఏమిటో తెలుసుకొమ్మని డాక్టరు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం చూడవచ్చే వేళ, మంచానికి చెరోపక్కా నిలబడి ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి ఉపాయం చెప్పింది వీరవేణే.

"అక్క నోరు పోయింది గానీ గుండె పోలేదు కదండీ. ఎవరు పిలిస్తే ఆ మిషన్లో అంకె ఎక్కువ కదులుద్దో వాళ్లతోనే ఎల్తాది. సరేనా బావగారూ?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు సత్తిరాజు.

ఎస్తేరు నవ్వుతూ తెరను వాళ్ల వైపు తిప్పింది.

వీరవేణి అక్క నుదుటి మీద చెయ్యివేసి, మా ఇంటికొచ్చెయ్యవే అక్కా అంది. నా కింద నాళం మెత్తబడింది. వేలు వెచ్చబడింది. నూట ఇరవై ఆరు. తరువాత నూట పంతొమ్మిది. అంత విశ్రాంతిని ఆ వేలిలో నేను ఎప్పుడూ చూడలేదు. చూపగలిగింది మాత్రం తగ్గిన అంకె.

సత్తిరాజు వంగాడు. "రత్నం, మనింటికెల్లిపోదామా?"

నూట నలభై. నూట అరవై రెండు. నూట డెబ్బై ఎనిమిది.

ఎంత అని మాత్రమే నాకు చెప్పడం వచ్చు. ఎందుకని చెప్పడం రాదు. నేను నిజమే చెప్పాను.

వీరవేణి చాలాసేపు తెర వైపే చూసింది. ముప్పై ఏళ్లుగా బావ మీద ఒక అనుమానం మోసిందట. అక్క మనసు ఇలా ఉంటే తాను పాపం కట్టుకుందట. కళ్లు తుడుచుకుంటూ ఈ మాట ఎస్తేరుతో అంది. అతని కాళ్లకు దణ్ణం పెట్టి, తుని బస్సుకు వెళ్లిపోయింది.

ఆమె గుమ్మం దాటాక అంకె మెల్లగా దిగింది. నూట యాభై, నూట ముప్పై, నూట పది. అక్కడ నిలిచిపోయింది. వేలు మాత్రం వెచ్చబడలేదు.

"చూసేరా, ఎంత స్థిమితపడిందో," అంది ఎస్తేరు.

మర్నాడు ఉదయం కుర్చీబండి తెచ్చారు. ఎస్తేరు నన్ను విప్పబోతే కనకరత్నం పిడికిలి బిగించింది. ఆమెకు కదిలేది ఆ ఒక్క చెయ్యే.

"అలవాటైపోయిందండీ," అని ఎస్తేరు మురిసిపోయింది.

"నేను తీస్తానుండండి," అన్నాడు సత్తిరాజు. ఒక్కొక్క వేలే ఓపికగా విప్పాడు. అతనికి ఆ పని కొత్తది కాదు.




నన్ను స్పిరిటుతో తుడిచి పక్క మంచానికి పట్టుకెళ్లారు.