మందబడి హాజరు

"తొంభై ఆరని రాయమంటే అంత ఆలోచన ఏందే?" పొద్దుటినుంచి భర్త సుందరరాజు ఇట్లా అనడం ఇది మూడోసారి.

"డెబ్బై ఒకటుంటే తొంభై ఆరని ఎట్ల రాసేది?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అంది ఎలీషబా.

ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టుకోవాలి. తన గొప్ప తానే రాసుకుని, ఫోటోలు అంటించి, సాయంత్రంలోగా మార్కాపురం ఆఫీసులో ఇవ్వాలి. వచ్చే ఏడు రిటైరయ్యే ఎలీషబాకు ఇదే ఆఖరి అవకాశం. కూతురు రోజీ ఫైలంతా టైపు చేసింది. పిల్లల హాజరు శాతం గడి ఒక్కటే ఖాళీ.

పుల్లలచెరువు అవతల ఎలీషబా బడిలో పదకొండుమంది పిల్లలు. చలి తగ్గి నీళ్లు ఇంకిపోగానే గొర్రెలవాళ్లు మందలతో పొదిలి వైపు దిగుతారు. పదకొండులో ఎనిమిదిమంది పిల్లలు వాళ్ల వెంటే. ఆదివారం ప్రార్థన కాగానే ఆమె బస్సెక్కి, మంద దిగిన బీడు వెతుక్కుంటూ పోయేది. సంచిలో, సుందరరాజు తను పనిచేసే పలకల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అంచులు విరిగిన పలకలు.

"ఆదివారం నువ్వు చెప్పింది చదువు కాదా? అదీ కలుపు," అన్నాడు సుందరరాజు.

"ఆదివారానికి రిజిస్టరు లేదు గదా."

"కోడలికి అవార్డొస్తే శాలువా నేను కప్పుకుందామనుకున్నా," నిట్టూర్చింది అత్త గురవమ్మ. "ఇట్లయితే నా చలి తీరేట్టు లేదు."

రోజీ కిసుక్కున నవ్వింది.

ఎలీషబా చేతులు ఆగిపోయాయి. ఆమె కళ్లకు చాట మీదే ఆ బీడు పరుచుకుంది. ఎనిమిది పలకలు ఎండలో నల్లటి నీటిమడుగుల్లా ఉన్నాయి. ఒక గొర్రె తాగబోయి మూతి పెట్టింది. గొర్రెల మల్లయ్య కూతురు ఉమ దాన్ని నెట్టి, దొండాకుతో పలక తుడిచి, మళ్లీ తన పేరు రాసుకుంది. ఆ పేరు పలక మీదినుంచి లేచి, మంద గంటల చప్పుడు వెంట తేలిపోతున్నట్టుంది. "టీచరమ్మా, నేను వచ్చినానని రాసుకో," అనేది ఉమ ప్రతిసారీ. రాసుకోవడానికి గడి ఉండేది కాదు.

మిగిలిన కాయలు చాటలో పోసి, చేతులు తుడుచుకుంది ఎలీషబా.

"డెబ్బై ఒకటే కొట్టు, రోజీ. వెనక ఇంకో కాగితం పెట్టు. ఆదివారాలు వచ్చిన ఎనిమిదిమంది పేర్లు నేను చెప్తా. ఆఫీసోళ్లకు నచ్చకపోతే పక్కన పెట్టుకోనీ. ఫైలు నేనే తీసకపోయి ఇచ్చి వస్తా."