నల్లదారం చుట్టిన విల్లు

తమ్ముడు విల్లు పై కొమ్ముకు నల్లదారం చుట్టాడు. కింది కొమ్ముకు చుట్టలేదు. షెడ్డులో అడుగు పెట్టగానే అక్క కంట్లో పడింది అదే.

పలుచని చెక్క పట్టీలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి, క్లాంపులు బిగించి, ఆరాక చిత్రిక పట్టి చేసిన విల్లు అది. మర్నాడు పోటీలో మేనకోడలు, అంటే అక్క కూతురు, పట్టబోయేది. "నా చేత్తో చేసిస్తానే" అని వాడు పిల్లకు మాటిచ్చినప్పటినుంచీ అక్కకు కంటిమీద కునుకు లేదు. అతుకు ఊడితే? నారి బుగ్గదాకా లాగి పట్టుకున్న క్షణంలో ఊడితే? పేడు ఎగిరి ఎక్కడ తగులుతుంది? కంట్లోనే. ఇంకెక్కడ తగులుతుంది!

"ఈ దారమెందుకురా?"

"అందానికక్కా."

"అందానికైతే ఒక్క పక్కే చుడతారా? చెప్పులు ఒక్క కాలికే తొడుక్కుని తిరుగుతావా నువ్వు?"

తమ్ముడు బుర్ర గోక్కుని నవ్వేశాడు.

మధ్యాహ్నం ఆవిడ టీ పట్టుకుని వచ్చేసరికి కింది కొమ్ముకు కూడా అంతే వెడల్పున దారం చుట్టి ఉంది. అందానికే అయితే పొద్దున్నే చుట్టేవాడుగా? అడిగాక చుట్టాడంటే ఏదో దాస్తున్నట్టే. చిన్నప్పుడూ ఇంతే. గోడమీద ఒకచోట సిరా ఒలకబోసి, తిట్లు తప్పించుకోవడానికి గోడంతా సిరా చల్లి "డిజైను" అన్న ఘనుడు వీడు.

అప్పుడు వాడు విల్లు వంపు చూసుకుంటున్నాడు. విల్లును గోడకున్న కొయ్యమేకుకు తగిలించి, నారికి తాడు కట్టి, ఆ తాడును కింద కప్పీలోంచి తెచ్చి, గదికి ఈ చివర నిలబడి లాగుతున్నాడు. పిల్ల పక్కనే నిలబడి మురిసిపోతోంది.

"అంత దూరం నిలబడ్డావేంరా?"

"ఇక్కణ్ణుంచైతేనే రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో తెలుస్తుందక్కా."

"ఓహో! నువ్వేమో ఆ మూల నక్కి లాగుతావు. నా కూతురు మాత్రం ముక్కు పక్కన పెట్టుకుని లాగాలి."

"అబ్బా, అమ్మా! విల్లు వంపు అందరూ అలాగే చూస్తారు. మామయ్య చేసిన స్టూలు మీద కూర్చోవడానిక్కూడా భయపడ్డావు నువ్వు."

"అది విరిగిందిగా?"

"ఎన్నాళ్లకి!"

"విరిగిందా, లేదా?"

పిల్ల మూతి ముడుచుకుంది. తమ్ముడు తాడు సగం దాకా లాగి వదిలేశాడు.

"మొత్తం లాగు."

"కొత్తది కదక్కా, మెల్లగా అలవాటు చెయ్యాలి."

ఆ మాట అంటున్నప్పుడు వాడు అక్క ముఖంలోకి చూడలేదు. ఆవిడకు అది చాలు. బల్లమీది చాకు అందుకుని, ఇద్దరూ "అయ్యో, అయ్యో" అంటుండగానే పై కొమ్ము మీది దారం కోసి లాగిపారేసింది. చెక్క పట్టీల మధ్య వెంట్రుకంత సన్నని నల్లగీత కనబడింది. గోరు పెడితే గోరు దిగింది.

తమ్ముడు తెగిన దారం ఏరుకున్నాడు.

"అక్కడ జిగురు సరిగా అందలేదక్కా. క్లాంపులు తీశాక చూశాను. మళ్లీ జిగురెక్కించి బిగించి చుట్టాను. ఆగుతుంది. ఇంకోటి చేసే టైము లేదు, పిల్లేమో అంత ఆశ పెట్టుకుంది..."

"ఆగుతుందా? అయితే లాగు."

వాడు కదల్లేదు. ఆవిడే తాడు అందుకుంది.

"అమ్మా, వద్దు! దారం లేకుండా లాగితే..."

ఆవిడ వెనక్కి వాలి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఫెడేలుమంది. పై పట్టీ లేచిపోయి, గిరగిరా తిరుగుతూ వెళ్లి కిటికీ అద్దం పగలగొట్టింది. మిగతా విల్లు మేకుకు వంకరగా వేలాడింది. తమ్ముడు చిత్రిక పొట్టు మీద చతికిలబడ్డాడు.

"నువ్వే విరగ్గొట్టావు," అంది కూతురు. "దారం కొయ్యకపోతే ఆగేది. రేపు నేనేం పట్టుకుని వెళ్లను?"

ఆగేదేమో. ఆవిడకు తెలియదు. ఇక తేలేదీ కాదు. తమ్ముణ్ణి అడుగుదామంటే వాడి మాట నమ్మే రోజు ఎప్పుడో పోయింది.

కూతురు నిప్పులు కక్కుతూ తల్లినే చూస్తోంది. ఆవిడ ఆ చూపు తప్పించుకోలేదు. ఎంతసేపు చూస్తావో చూడవే తల్లీ, అనుకుంది. రెండు కళ్లతోనూ చూడు.