తలుపు తీయని మనిషి మీద బర్నబాస్ సాక్ష్యం

"యాడికప్పా, ఇస్త్రీ సొక్కా ఏసుకోని?" గోడ అవతల నుంచి యేసమ్మ కేకేసింది.

"పుంగనూరుకమ్మా. జాంబీ సూసొస్తా."

"జాంకాయా? బాగా మాగినవి సూసి తే. నోట్లో పండ్లు ఎట్లాగూ లేవు, సంచిలో పండ్లన్నా ఉండనీ."

యేసమ్మకు ఒక చెవి శాశ్వతంగా సెలవులో ఉంది. రెండోది ఒంటిపూట పనిచేస్తుంది. బర్నబాస్ దిద్దబోయి ఊరుకున్నాడు. గట్టిగా అరిస్తే మిషన్ కాంపౌండు అంతా వింటుంది. ఆసుపత్రి కాంపౌండరుగా ముప్పయ్యేళ్ళు ఆ కాంపౌండులోనే బతికినవాడికి అది కొత్త సంగతి కాదు. చర్చి పెద్దలకు సినిమా ఇప్పటికీ పాపమే. మదనపల్లెలో తాను సినిమా చూస్తే, సంఘం తన్ను చూస్తుంది.

అందుకే అతనూ భార్య జెమీమా పెళ్ళయిన నాటి నుంచీ పుంగనూరు బస్సెక్కేవాళ్ళు. చూసేవి దయ్యాల సినిమాలే. హాల్లో ఆమె కళ్ళు మూసుకుని చూసేది, తిరుగు బస్సులో మాత్రం నోరు మూసేది కాదు. సినిమా రెండున్నర గంటలు, దాని మీద పోట్లాట కాంపౌండు గేటు దాకా. గేటు రాగానే ఇద్దరూ ప్రార్థన కూటం నుంచి వస్తున్న మొహాలు పెట్టేవాళ్ళు.

జెమీమా పోయి ఎనిమిది నెలలు. ఆ తర్వాత అతను సినిమాకు వెళ్ళడం ఇదే మొదలు.

మ్యాట్నీకి హాల్లో పదకొండు మంది. తెర మీద చచ్చినవాళ్ళే వేలల్లో ఉన్నారు. బర్నబాస్ పక్క సీట్లో అతని గొడుగు కూర్చుంది. ఆట ముగిసేసరికి అతని దగ్గర ఒక అభిప్రాయం వేడివేడిగా తయారైంది. వడ్డించడానికే మనిషి లేడు.

బయట సైకిల్ స్టాండు గంగులయ్య కనిపించాడు. "ఆ సినిమాలో అసలు తప్పు యాడుందంటే..." అని మొదలుపెట్టాడు బర్నబాస్.

"టోకెన్ ఇయ్యి సామీ."

"నాకు బండి లేదప్పా."

"మరి యాల నిలబడినావు?"

బస్సులో పక్కనాయన రెండు చెవుల్లోనూ వైర్లు. కుప్పంలో టీచరుగా ఉన్న కూతురు గ్లోరియాకు ఫోన్ చేశాడు. "పేపర్లు దిద్దతాండా నాయనా. తిన్యావా? మాత్రలేసుకున్యావా? సరే, పెడతా." కూతురు మంచిదే. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఇద్దరికీ క్షేమం తప్ప కబుర్లు లేకుండా పోయాయి, అంతే.

అభిప్రాయం మాత్రం మింగుడు పడని మాత్రలాగా రెండు రోజులు గొంతులోనే ఉండిపోయింది. ఎంతమందికి ఎన్ని మాత్రలిచ్చిన మనిషి! ఇది నీళ్ళకు దిగే రకం కాదు.

ఆదివారం చర్చిలో పాస్టరు రూబెన్, "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చెప్పండి," అన్నాడు. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును లేచి చెప్పుకోవడం అక్కడి వాడుక. జ్వరం తగ్గినవాళ్ళు లేస్తారు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేస్తారు. చెప్పేవాళ్ళు ఊపిరి కోసం ఆగినా సంఘం "ఆమెన్" అంటుంది. ఎనిమిది నెలలుగా లేవని బర్నబాస్ కాళ్ళు లేచాయి. వాటి వెంట మనిషీ లేచాడు.

"పుంగనూరులో జాంబీ సినిమా సూసినా."

"ఆమెన్!" అనేసి, సంఘం నాలుక కరుచుకుంది.

"దాంట్లో ఊరంతా సచ్చి లేచి తిరగతాది."

వెనక వరసలో ఎవరో "ఆమె..." అని తక్కింది మింగేశారు.

"సినిమా బాగలేదు. సచ్చినోళ్ళను సూస్తే నాకు భయం కాలేదు. గుంపుగా పోతారు, గుంపుగా తింటారు. ఒకడన్నా ఒంటిగా లేడు. బతికినోడొకడుండాడు, మేడ మీద. తలుపేసుకోని డబ్బాలో తిండి ఒక్కడే తింటాడు. రేడియోలో ‘ఎవురన్నా ఉండారా’ అని అడగతా ఉంటాడు. వాడు బతికినాడని హాల్లో పది మందీ సప్పట్లు కొట్టిరి. నాకు వాన్ని సూస్తేనే భయమాయె. కడాకు వాని చేత తలుపు తీయించి ఉండల్ల. మా జెమీమా ఉంటే ఒప్పుకునేది కాదు. ఒప్పుకోకుండా గేటు దాకా అరిచేది. ఇదే నా సాక్ష్యం."

ఈసారి ఆమెన్ రాలేదు. పాస్టరు పాటల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి యేసమ్మ లేచింది. "అదంతా సరేప్పా. నా జాంకాయలు యాడ?"

సంఘం మొత్తం బర్నబాస్ వైపు తిరిగింది. "జాంబీకి పోతాండానంటే జాంకాయికని యిన్నాది. దిద్దితే మీకందరికీ తెలుస్తాదని నేను గమ్మునుంటి," అని అందరికీ చెప్పి, ఆమె వైపు తిరిగి అరిచాడు. "జాంకాయ కాదమ్మా, జాంబీ! సచ్చి లేచినోళ్ళు! మనుషుల్ని కొరుకుతారు!"

నవ్వు వరస వరసనా పాకింది. యేసమ్మ నవ్వలేదు.

"కొరికేవాళ్ళకు తలుపు యాల తీయల్ల? నీకేం, పండ్లుండాయి. నాకు తిరిగి కొరికేదానికి ఏముండాది?"

పాస్టరు పాట నంబరు చెప్పాడు. బర్నబాస్ మగవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ వైపుకు నడిచి, యేసమ్మ పనిచేసే చెవి పక్కన నిలబడ్డాడు.

"అది కాదమ్మా. అసలు తప్పు యాడుందంటే..."